దొర పెట్టెలోని ఏడు కాగితాలు

రికార్డు ఆఫీసులో మరమ్మతు పని చేశానని చెబితే చాలామంది నన్ను ఫ్యాన్లూ తలుపులూ బాగుచేసేవాణ్ణి అనుకుంటారు. మా అత్తగారు పెళ్లయిన నాలుగేళ్ల దాకా అదే నమ్మకంతో ఉండి, ఒకసారి అల్లూరు నుంచి వస్తూ తన కుట్టుమిషను మోయించుకొచ్చి నా ముందు పెట్టింది. నేను బాగుచేసినవి కాగితాలు. చిరిగినవి, పురుగు కొట్టినవి, తడిసి ఒకదానికొకటి అంటుకుపోయినవి, ఎలుకలు సగం తిని సగం మనకు వదిలినవి. యాభైల చివర్లో నెల్లూరులో ఆ పనిలో చేరి, కళ్లు సహకరించినంత కాలం చేశాను.

ఈ మధ్య ఆ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు రాయండి" అని అడుగుతున్నారు. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాస్తే చదివేవాళ్లకు నిద్ర వస్తుంది. అవన్నీ వదిలేస్తున్నాను. నిజం చెప్పాలంటే, బాగా చేసిన పనులు నాకు పెద్దగా ఏమీ నేర్పలేదు. చెడగొట్టిన పనులు నేర్పాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, నా ఉద్యోగం మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించి చివరికి ఊపిరి పీల్చుకోనిచ్చింది, ఒక దొర కాగితాల సంగతి. దాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను.

మస్తానన్న జిగురు

ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి నాలుగు మాటలు. ఆయన్ని అందరం మస్తానన్న అనేవాళ్లం. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మైదా జిగురు కాయడంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. గరిటె ఆగితే ఉండ కడుతుందని, జిగురు దించేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఒకసారి కలెక్టరుగారే గది గుమ్మంలో నిలబడి పలకరిస్తే, తలెత్తకుండా "రెండు నిమిషాలాగండి" అన్నాడు. పురుగు రాకుండా జిగురులో మైలుతుత్తం ఎంత వేయాలో చీటీ మీద రాసిమ్మంటే, "రాస్తే నువ్వు చీటీని చూస్తావు, జిగురును చూడవు" అని కసిరేవాడు.

పొద్దున్నే మా క్యారేజీలు విప్పించి చూసేవాడు. మామిడికాయ పచ్చడో, చేపల పులుసో కనిపించిందంటే ఆ పూట కాగితం ముట్టనిచ్చేవాడు కాదు, అరలు తుడవమని పంపేసేవాడు. చేపల పులుసు లేకుండా నెల్లూరులో మనిషి ఎట్లా బతుకుతాడు? అందుకని మొదటి ఏడాదంతా నేను అరలే తుడిచాను.

ఆయన నేర్పిన వాటిలో ఒకటి మాత్రం ఇక్కడ రాయాలి. కాగితానికి కొత్తగా ఏం చేయదలుచుకున్నా, ముందు చిన్న ముక్క మీద చేసి చూడమనేవాడు. నేను ఆ మాట విన్నాను. పాటించాను కూడా. పాటించీ చెడగొట్టాను, ఎట్లాగో చెబుతాను.

పొగ పట్టిన పెట్టె

అరవైల మొదట్లో, ఇళ్లలో అటకల మీద మూలుగుతున్న పాత కాగితాలు సేకరించమని మాకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. జనం మమ్మల్ని చూసి హడలిపోయేవాళ్లు. పాత కాగితం అడిగేవాడు భూమి లాక్కోవడానికే వచ్చాడని వాళ్ల లెక్క. తోటపల్లి గూడూరు దగ్గర ఒక రైతు తాటాకుల కట్ట ఒకటి మర్యాదగా చేతికిచ్చి, మజ్జిగ కూడా ఇచ్చి, మేం బండి కదిలించాక మనసు మారి అర మైలు వెంటబడి పరుగెత్తాడు. తిరిగి ఇచ్చేశాం. ఆయన పరుగు చూస్తే ఇవ్వకుండా ఉండలేం.

పులికాటు సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఒక పాళెం ఉండేది. చేపలు పట్టి బతికే ముప్పై నలభై గడపలు. అక్కడ ఒక ఇంట్లో దొర పెట్టె ఉందని ఎవరో చెబితే వెళ్లాను. నాయుడుపేటలో బస్సు మారి, ఆ తర్వాత నడిచి, చివర్లో సరస్సు మీద పడవెక్కి పోవాలి. ఆ ఇంటి పెద్ద పోలమ్మ. డెబ్బై దాటిన మనిషి, నోరు మాత్రం పాతికేళ్లది. కొడుకు కోటయ్యను నిచ్చెన వేయించి, పొయ్యి మీది అటక నుంచి పెట్టె దింపించింది. నల్లగా పొగచూరి ఉంది. పైన పసుపు, కుంకుమ.

"ఏం కాగితాలవ్వా ఇవి?" అన్నాను.

"దొరవి నాయనా. మా తాతల తాతల కాలంలో ఓడ మీద వచ్చినాడంట. మన మాటలు నేర్చుకుంటా, చేపల బొమ్మలు గీసుకుంటా మా వాళ్లింట్లోనే ఉన్నాడంట. శుక్రారం శుక్రారం బొట్టు పెడతాం. పొగ తగిలేట్టు ఆడనే పెట్టమని మా వాళ్లు చెప్పినారు, పెడతావుండాం."

"ఆ తర్వాత దొర ఏమయ్యాడు?"

కోటయ్య నిచ్చెన తీసే పని పెట్టుకుని బయటికి పోయాడు.

"మేం ముంచినామంటారు," అంది పోలమ్మ. "దొరని ఎక్కించుకోని పోయింది మా పడవ. తిరిగొచ్చినప్పుడు దొర లేడు. పెట్టె మాత్రం మా ఇంట్లో మిగిలింది. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా పాళెంలో ఇంకో ఇంటి మగోడు మా పడవలో కాలు పెట్టలా."

బయటివాళ్లకు ఇది చిన్న మాటగా అనిపిస్తుంది. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కోటయ్య వివరించాక అర్థమైంది. లోతు నీళ్లలోకి పోయి పెద్దవల వేయాలంటే పడవలో ఎనిమిది మంది ఉండాలి. ఈ ఇంట్లో మగవాళ్లు ముగ్గురు. వేరే ఇళ్ల వాళ్లు ఎక్కరు కాబట్టి పెద్దవల వేయలేరు. తరాల తరబడి ఒడ్డు దగ్గర చిన్నవల వేసుకుని, దొరికిన చిన్న చేపలతో బతుకుతున్నారు. పండగల్లో, పెళ్లిళ్లలో అందరూ పలకరిస్తారు, భోజనానికి పిలుస్తారు. పడవ దగ్గరికి వచ్చేసరికి అంతా పక్కకు తప్పుకుంటారు.

"నిజంగా ఏం జరిగిందో మీ ఇంట్లో ఎవరికీ తెలియదా అవ్వా?"

"మాకు మాత్రం ఎట్టా తెలుస్తాది? ముంచలేదని మా మామ అనేవాడు. మరేం జరిగిందయ్యా అంటే చెప్పేవాడు కాదు. ఆయనకీ తెలవదు. ఈ కాగితాలు చదివించాలని ఎన్నో తూర్లు అనుకున్యాం. వీళ్లని చూస్తే భయంగా ఉండాదని దొర అందులో రాసి ఉంటే? అందుకే పెట్టె తీసేవాళ్లం కాదు."

"మరి ఇప్పుడెందుకు ఇస్తున్నావు?"

"నాకింకెన్నాళ్లుండాది? మంచో చెడ్డో విని పోవాల. నువ్వు చదివించి, ఉన్నదున్నట్టు వచ్చి నాకు చెప్పు. దాచొద్దు."

మాట ఇచ్చాను. రసీదు రాయబోతే, "కాగితం తీసుకోని కాగితం ఇస్తావా? మంచి బేరమే," అని నవ్వి, తీసుకోలేదు.

ఆఫీసుకు తెచ్చి పెట్టె విప్పితే సుమారు రెండు వందల కాగితాలు. మా అరల్లో వేపాకు, కలరా ఉండలు వేసి దాచినవాటికి జల్లెడలాగా చిల్లులు పడితే, పొయ్యి పొగలో ఉన్న ఈ కాగితాలకు ఒక్క చిల్లు లేదు. చేపల బొమ్మలు, పడవ భాగాల పేర్లు, గాలుల పేర్లు, వంకర టింకర తెలుగు అక్షరాల్లో ఆయనే రాసుకున్న మాటలు. మిగతాదంతా ఆయన భాషలో ఉంది. అన్నిటికంటే పైన, తాటాకులో చుట్టి విడిగా ఏడు కాగితాలున్నాయి. వాటి మీద రాసిన చెయ్యి వణికిందని భాష రానివాడికి కూడా తెలుస్తుంది. మూత సందుల్లోంచి దూరే పొగకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నవి కాబట్టి బాగా మసిబారింది కూడా అవే.

మా జిల్లాలో ఒక మిషనులో హాలెండు నుంచి వచ్చిన ఫాదర్ గారు ఒకరుండేవారు. బొమ్మల కింది నాలుగు మాటలు నకలు రాసి పంపితే, అది ఆ దేశపు పాత భాషేనని తేలింది. ఉత్తరం రాస్తే, రెండు వారాల్లో వచ్చి చదువుతానని జవాబిచ్చారు.

తెల్లగా ఉండాలి

మా సూపరింటెండెంటు గారికి శుభ్రత పిచ్చి. కుర్చీలో కూర్చోబోయే ముందు జేబురుమాలుతో దులిపేవారు, లేచాక కూడా దులిపేవారు. చెడ్డమనిషి కాదు. మాకు ఎవరికైనా జబ్బు చేస్తే ఇంటికొచ్చి చూసేవారు, వచ్చి ఇల్లు శుభ్రంగా లేదని కోప్పడేవారు. ఆయన ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి ముక్కు మూసుకున్నారు.

"ఫాదర్ గారు మన ఆఫీసుకు మొదటిసారి వస్తున్నారు. ఈ కాగితాలేమిటయ్యా చేపల బుట్ట వాసన కొడుతున్నాయి? కాస్త మొహం కడిగి పెట్టు."

అప్పటికి నేను బ్లీచింగు పౌడరు నీళ్లలో పాత పటాలు ఉతికి తెల్లగా చేసి ఆయన దగ్గర మెప్పు పొందినవాణ్ణి. ఆ పటాలు అచ్చువేసినవి. అచ్చు సిరాకు ఆ నీళ్లు ఏమీ చేయలేదు. చేతిరాత సిరా సంగతి వేరని నాకు తట్టలేదు. మస్తానన్న కూతురి కాన్పుకని ఊరెళ్లి ఉన్నాడు. ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో, అప్పటికి నాకూ పని వచ్చేసిందన్న గర్వం ఉంది.

అన్నిటికంటే మాసినవి ముందు చేద్దామని ఆ ఏడూ తీశాను. ముక్క మీద చేసి చూడమన్న మాట గుర్తుంది. ఒక కాగితం మూల తడిపి చూశాను. మల్లెపువ్వులా తెల్లబడింది. సంతోషంగా ఏడింటినీ పింగాణీ పళ్లెంలో నానబెట్టి, టీ తాగడానికి పోయాను. నేను తడిపి చూసిన మూలలో అక్షరం లేదు. ఖాళీ కాగితం మీద పరీక్ష చేసి, రాత ఉన్న కాగితాన్ని ముంచాను.

తిరిగొచ్చేసరికి పళ్లెంలో ఏడు తెల్ల కాగితాలున్నాయి. రాత లేదు. ఎత్తి వెలుతురుకు పెడితే అక్కడక్కడ లేత పసుపు జాడ, తుప్పు మరకలా. చదవడానికి వీలు లేదు. మంచినీళ్లలో జాడించి అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టాను. పోలమ్మ ముఖం కళ్ల ముందుకొచ్చింది. ఇన్ని తరాలు పొయ్యి మీద కాపాడిన దాన్ని నేను ఒక టీ తాగినంతసేపట్లో తుడిచేశాను.

రిజిస్టరులో ఏం రాయాలి

వెళ్లి సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఆయన తలుపు మూశారు.

"ఈ కాగితాలు ఇంకెవరైనా చూశారా?"

"మీరూ నేనూ తప్ప ఎవరూ లేరు సార్."

"చదివినవాళ్లు?"

"ఎవరూ లేరు."

"అయితే రాసుకో. సిరా కాలక్రమాన వెలిసిపోయి, చదవడానికి వీలుకాని స్థితిలో అందినవి."

ఆ మాటలో నన్ను కాపాడాలన్న ఆలోచన ఉంది, తనను కాపాడుకోవాలన్న ఆలోచనా ఉంది. ఎక్కువ తక్కువలు నేను తేల్చలేను. ఉత్తరువు ఆయనది, చెయ్యి నాది. నా ఉద్యోగం కొత్తది, ఇంట్లో చంటిపిల్ల. కలం తీసుకున్నాను. సగం వాక్యం కూడా రాశాను. ఆ వాక్యం నిజమైతే, పోలమ్మ దగ్గరికి పోయి, 'మీ పెట్టెలో ఏమీ లేదవ్వా, మీరు పసుపు పెట్టింది ఉత్త కాగితాలకి' అని చెప్పాలి. మంచీ లేదు, చెడ్డా లేదు. ఆమెకు వినడానికి ఏమీ లేకుండా చేస్తున్నాను. సగం వాక్యం కొట్టేసి, రెండు రోజులు సెలవు అడిగాను. ఆయన నా ముఖం చూసి ఇచ్చారు.

ఇక్కడ నా రెండో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ఏడు కాగితాలు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆఫీసు గేటు దాటాను. ఈ పనిలో చేరే పిల్లలు అట్లా ఎప్పుడూ చేయవద్దు. నేను చేశాను, మేలు జరిగింది. మేలు జరిగినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు.

ఇనప గరిటె

పాళెం చేరేసరికి పొద్దెక్కింది. కోటయ్య ఇంటి ముందు పెద్ద మట్టి బానలో తుమ్మచెక్క ఉడుకుతోంది. అప్పట్లో వలలన్నీ నూలువే. ఉప్పునీళ్లకు కుళ్లిపోకుండా చెక్క ఉడకబెట్టిన ఆ ఎర్రటి నీళ్లలో వాటిని ముంచి ఆరేసేవాళ్లు. కోటయ్య, ఆయన తమ్ముడు వలను ముంచుతున్నారు, పోలమ్మ పీట మీద కూర్చుని అందరి మీదా అరుస్తోంది. నన్ను చూడగానే లేచింది.

"చదివినారా?"

నిలబడే చెప్పేశాను. ఏం చేశానో, ఎట్లా పోయిందో, అంతా. కాగితం వయసు మీద తోయలేదు, పైవాళ్ల మీద తోయలేదు. పోలమ్మ మళ్లీ పీట మీద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"చదువుకున్నోడివని నీ చేతిలో పెట్టినా కదయ్యా," అంది. కోటయ్య వల వదిలేసి వచ్చి తల్లి పక్కన చతికిలబడ్డాడు.

అంతలో వెనక ఆమె కోడలు బానలో చెక్క కలపడానికి గరిటె పెట్టింది. పోలమ్మ ఆ దుఃఖంలో కూడా గభాల్న తిరిగి కేకేసింది.

"ఇనప గరిటె పెడతావుండావేందే! ఎన్ని తూర్లు చెప్పినా నీకు? వలంతా నల్ల మచ్చలు పడతాది. కర్రతో కలుపు!"

కోడలు గరిటె తీసింది. గరిటె అంచున కారుతున్న నీళ్లు ఎర్రగా లేవు, నల్లబడ్డాయి.

నేను ఆ గరిటె వైపే చూస్తూ ఉండిపోయాను. మా ఆఫీసులో మస్తానన్న అప్పటికీ పాత పద్ధతిలో సిరా కాచేవాడు. కరక్కాయ నానబెట్టిన వగరు నీళ్లలో అన్నభేది కలిపితే నల్ల సిరా అవుతుంది. అన్నభేది అంటే ఇనుముదే. ఇక్కడ తుమ్మచెక్కదీ వగరే. వగరు, ఇనుము కలిస్తే నలుపు. దొర సిరా కూడా అదే రకం. బ్లీచింగు నీళ్లు అందులోని వగరును తినేసి ఉంటాయి. ఇనుము? ఆ లేత పసుపు జాడ, ఆ తుప్పు మరక, అది ఇనుమే కదా? ఇంకా కాగితంలోనే ఉంది కదా? దానికి మళ్లీ వగరు తగిలితే?

"అవ్వా, ఈ చెక్కనీళ్లు కొంచెం ఇస్తావా?" అన్నాను. అనుకున్నదంతా ఆమెకు చెప్పాను.

"నువ్వనుకున్నట్టు జరక్కపోతే?"

"ఇప్పుడు మరకైనా మిగిలింది. అదీ పోవచ్చు. కాగితం పాడైపోవచ్చు. అది నీ ఇంటి కాగితం, నువ్వు వద్దంటే ముట్టుకోను."

పోలమ్మ కొడుకు వైపు చూసింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "పెట్టు" అంది.

చెక్కనీళ్లను గుడ్డలో వడగట్టి, చల్లార్చి, మంచినీళ్లతో పలచన చేశాను. దూదితో ఒక్క చోట అద్దాను. ఈసారి మరక ఉన్న చోటే అద్దాను. కాసేపు ఏమీ కాలేదు. కాగితం టీ రంగుకు తిరిగింది. ఆ తర్వాత పసుపు జాడ బూడిద రంగుకు మారింది, ఇంకాసేపటికి ఒక గీత నల్లగా తేలింది. దాని పక్కన ఇంకో గీత. అక్షరం వచ్చింది.

కోటయ్య "అమ్మా!" అని అరిచాడు. కోడలు బాన వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"అది ఏం అక్షరం?" అంది పోలమ్మ.

"నాకు తెలియదవ్వా."

"తెలవకపోతే పోనీ. వచ్చింది కదా!"

నేను అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు. గుండె మీద బండ దించినట్టయింది. పోలమ్మ నా వీపు మీద ఒకటి చరిచి, "ఏడిస్తే కాగితం తడుస్తాది, పక్కకు తిరిగి ఏడువు" అంది. సాయంత్రంలోపు ఆరు కాగితాలు పూర్తిగా తేలాయి. ఏడోదానికి ఎంత పట్టించినా రాలేదు. మొదట పళ్లెంలో అడుగున ఉన్నది అది, ఎక్కువ నానింది. దాని మీద ఏముందో ఎప్పటికీ తెలియదు.

ఈ పద్ధతి చదివి ఎవరూ చెక్కనీళ్ల బాన పొయ్యి మీద పెట్టవద్దు. ఆ వగరుకు కాగితం ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగు తిరిగి పెళుసెక్కుతుంది. ఆ ఆరూ ఇప్పుడు అట్లాగే ఉన్నాయి. ఇప్పుడైతే అట్లాంటి వెలిసిన రాతను కాగితం ముట్టకుండానే ప్రత్యేకమైన దీపం కింద చదవొచ్చు. అప్పుడు మాకు ఆ దీపం లేదు.

ఫాదర్ గారు చదివిన రోజు

తిరిగొచ్చి రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాశాను. మరమ్మతుదారు పొరపాటు వల్ల ఏడు కాగితాల రాత పోయిందని, ఆరింటిలో తిరిగి వచ్చిందని, అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్లాడని. సూపరింటెండెంటు గారు రెండుసార్లు చదివారు.

"నేను చెప్పింది రాసి ఉంటే ఇద్దరం హాయిగా ఉండేవాళ్లం."

"నేను ఉండేవాణ్ణి కాదు సార్."

ఆయన కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నా సంతకం కింద ఇంకో వాక్యం రాశారు. కాగితాలు తెల్లగా చేయమని ఆదేశించినది నేనే అని. సంతకం పెట్టారు. ఆ తర్వాత మా ఇద్దరికీ పైనుంచి చివాట్లు వచ్చాయి, పడ్డాం. ఆయన గురించి నేను అప్పటిదాకా అనుకున్న చాలా మాటలు ఆ రోజు వెనక్కి తీసుకున్నాను.

ఫాదర్ గారు వచ్చి ముందు బొమ్మలు చూసి మురిసిపోయారు. ఆ తర్వాత ఆ ఆరు కాగితాలు తీసుకున్నారు. ఒక గంట పైన చదివి, "ఆ ఇంటివారు ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. "ఇది నేను ఇక్కడ చెప్పను. వారి ఎదుట చదువుతాను. ఊరివారు కూడా వినాలి."

అట్లా మళ్లీ పాళెం వెళ్లాం. వలలు ఆరేసే చోట ఊరంతా కూర్చుంది. పాళెం పెద్ద సుబ్బయ్య ముందు వరసలో. పోలమ్మ పక్కగా, కొడుకు చెయ్యి పట్టుకుని. ఫాదర్ గారు ఒక్కో వాక్యం తనలో చదువుకుని, తెలుగులో నిదానంగా చెప్పారు.

దొరకు జ్వరం వచ్చి చాలా రోజులైంది. ఈ ఇంటి ఇల్లాలు గంజి పోస్తోంది. ఓడ కనబడింది, తనను దాని దాకా చేర్చమని పడవవాణ్ణి అడిగాడు. సముద్రం పోటు మీద ఉంది, ఈ ఒంటితో దారిలోనే పోతావు, తీసుకుపోనన్నాడు పడవవాడు. పిరికివాడా అని దొర తిట్టాడు. రెండో రోజుకి వాడు చెప్పింది నిజమని తెలిసి సిగ్గుపడ్డాడు. ఓడ వెళ్లిపోయింది.

"ఇక్కడి నుంచి చెయ్యి బాగా వణికింది," అన్నారు ఫాదర్ గారు. "'నేను బతకను. నన్ను ఇసుకలో పెట్టవద్దని వేడుకున్నాను. ఇక్కడ నక్కలు తవ్వుతాయి, నేను చూశాను. నన్ను సముద్రంలో దింపమన్నాను. పడవవాడు ఏడ్చాడు. మా వారిలో పడవ మీద శవాన్ని ఎక్కించరు, ఎక్కిస్తే ఆ పడవను ఎవరూ ముట్టరు, ఇంకేదైనా అడుగు అన్నాడు. మూడు రోజులు బతిమాలాను. ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఎవరైనా అతణ్ణి తప్పు పడితే ఇది చూపండి.'"

సుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయితే శవాన్ని ఎక్కించినారన్నమాట."

ఒక తప్పు తీసేస్తే ఇంకో తప్పు బయటపడింది. పోలమ్మ కొడుకు చెయ్యి వదిలేసి లేచి నిలబడింది.

"ఎక్కించినాం. ముంచినాం కూడా. చచ్చేవాడు కాళ్లావేళ్లా పడి ముంచమంటే ముంచినాం. మా వాళ్లు మాట నిలబెట్టుకోని నోరు మూసుకున్యారు, మేం ఇన్నాళ్లూ పడినాం. అది తప్పయితే ఇప్పుడు అందరి ముందర చెప్పండి, వింటా."

సుబ్బయ్య ఆమెను చూశాడు, ఒడ్డున ఉన్న పడవను చూశాడు. తల గోక్కున్నాడు.

"ఆ పడవ యాడుంది ఇప్పుడు?"

"యాడుంటాది మామా?" అన్నాడు కోటయ్య. "ఎప్పుడో చెదలు తినేసుంటాయి."

"మరింకేం? ఇది వేరే పడవ కదా."

వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. పోలమ్మ మాత్రం కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. జనం ముందు నేను నా తప్పు కూడా చెప్పబోతే, "అది మన మధ్యది, కూర్చో" అని పోలమ్మ కసిరింది.

మరుసటి ఏడు

కథల్లో అయితే ఆ రోజే నలుగురు పరుగెత్తి పడవెక్కుతారు. అట్లా జరగలేదు. అంతకాలం పక్కకు తప్పుకున్న కాళ్లు ఒక మధ్యాహ్నంలో మారవు. నేను నెల్లూరు తిరిగొచ్చి వేరే కాగితాల్లో పడిపోయాను.

పిల్లలకు చెప్పేది ఒకటే. మీ చేతికి వచ్చే కాగితం మీకు చదవరాకపోవచ్చు, దాని విలువ తెలియకపోవచ్చు. ఎవరో ఒకరు దాని కోసం ఎక్కడో ఎదురుచూస్తూ ఉంటారని అనుకుని ముట్టుకోండి. పరీక్ష అక్షరం మీదే చేయండి. చెడగొడితే చెడగొట్టానని ముందు ఆ మనిషికి చెప్పండి, తర్వాత రిజిస్టరుకు చెప్పండి.

ఏడాది దాటాక, బొమ్మల కాగితాల నకళ్లు ఇవ్వడానికి పాళెం పోయాను. తెల్లవారి ఎండ వచ్చింది. పడవలు సముద్రంలోకి తోస్తున్నారు. పోలమ్మ ఇసుక మీద కూర్చుని ఉంది, చూపు బాగా తగ్గింది. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. కోటయ్య పడవ అప్పుడే నీళ్లలో ఊగుతోంది. సరదాకి కేకేశాను.

"కోటన్నా, నన్ను కూడా ఒకసారి లోపలికి తీసుకుపో!"

"యాడ సార్?" అని అక్కడి నుంచే అరిచాడు. "ఎనిమిది మందీ ఎక్కేసినారు. జాగా లేదు!"

అల చప్పుడుకు పోలమ్మకు సరిగ్గా వినపడలేదు. నా చెయ్యి లాగింది.

"ఏమంటావుండాడు?"

"పడవలో జాగా లేదంటున్నాడవ్వా."

"ఏందీ? ఇంకోసారి చెప్పు."

వంగి ఆమె చెవి దగ్గర చెప్పాను. జాగా లేదవ్వా, పడవ నిండిపోయింది.